ఢిల్లీ కిందికి పోయిన సంఘం

జ్ఞానప్రకాశం గారికి లోకంలో నచ్చని వాళ్లు చాలామందే ఉన్నారు గాని, వాళ్లందరిలోకీ ముందు వరసలో నిలబడ్డవాడు గూడూరు సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చెంచురామయ్య. ఎందుకని అడిగితే గంటసేపు చెప్పగలడు. చెంచురామయ్య చొక్కా పై గుండీ పెట్టుకోడు. వక్క నములుతూ ఇంగ్లీషు మాట్లాడతాడు. వెంకటాచలం దగ్గర ఏదో పల్లెలో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, పొలం గట్టు దిగి నేరుగా సర్కారు కుర్చీ ఎక్కినవాడు. అన్నిటికన్నా పెద్ద నేరం, జ్ఞానప్రకాశం గారి ఎదుట కూర్చోవడానికి ఆయన అనుమతి అడగడు.

తూర్పుపాళెం గూడూరుకు తూర్పున, గాలి తిరిగినప్పుడల్లా ఎండుచేపల వాసన తగిలే దూరంలో ఉంది. ఆ ఊరి క్రైస్తవ పరపతి సంఘానికి పెట్టిన రోజు నుంచీ ప్రెసిడెంటు జ్ఞానప్రకాశం గారే. అంతకుముందు మిషను బడికి హెడ్మాస్టరు. ఆయన బడి గేటు దాటి వస్తుంటే పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడేవారు. రిటైరైన మర్నాటి నుంచి ఎవరూ లేవలేదు. తల్లి పోయినప్పుడు కూడా ఆయన అంత బాధపడలేదు.

అయితే సంఘం ఉంది. వలకో, గేదెకో, విత్తనాలకో అప్పు కావలసిన వాళ్లు శనివారం పొద్దున్నే వచ్చి ఆయన అరుగు కింద ఎండలో నిలబడేవారు. కూర్చోమంటే కూర్చునేవారే, ఆయన అనేవాడు కాదు. ఎవరి తాత ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నాడో, ఎవరి కొడుకు ఎన్నిసార్లు పరీక్ష తప్పాడో అందరికీ వినబడేలా చెప్పి, అప్పుడు సంతకం పెట్టేవాడు. ఆ శనివారం కోసమే మిగతా ఆరు రోజులూ బతికేవాడు. ప్రెసిడెంటు పదవి తీసేస్తే ఆయన ఊళ్లో ఒక ముసలి మనిషి, అంతే. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే నిద్రలో కూడా ఆ పదవిని వదిలేవాడు కాదు.

ఎన్నిక జరిగే తీరు కూడా ఆయన ఏర్పాటు చేసినదే. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ఆయన లేచి, "నేను కొనసాగడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి" అనేవాడు. చాపల మీద కూర్చున్న వాళ్లు వచ్చే శనివారాన్ని తలుచుకుని తలలు దించుకునేవారు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసేవారు. అందరూ ఆమెన్ అనేవారు. ఎన్నిక అయిపోయేది.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో చెంచురామయ్య తనిఖీకి వచ్చి మినిట్సు పుస్తకం తిరగేశాడు.

"ప్రెసిడెంటుగారూ, ఎన్నిక జరిగినట్టు యాడా లేదే?"

"ఏకగ్రీవం."

"ఎవరు ప్రతిపాదించినారు? ఎవరు బలపరిచినారు?"

"సంఘమంతా ఆమెన్ అన్నది."

చెంచురామయ్య వక్కను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు. "ఆమెన్ దేవుడికి చెల్లతాది సార్, మా రిజిస్ట్రారుకు చెల్లదు. మీ చర్చిలో పెద్దల్ని ఎట్టా ఎన్నుకుంటారు? ఎవరికి ఇష్టమైనోళ్ల వెనక వాళ్లు పోయి నిలబడతారు గదా. అట్నే నిలబెట్టి లెక్కపెట్టండి. సంవత్సరం టైమిస్తా ఉండా. జరపలేదంటే నెల్లూరు నుంచి మా మనిషిని తెచ్చి ఈడ కూర్చోబెడతారు."

లెక్కపెడితే ఏమవుతుందో జ్ఞానప్రకాశం గారికి అనుమానం లేదు. పోటీకి కృపాదానం ఉన్నాడు. గూడూరు మార్కెట్లో నిమ్మకాయల కమీషను వ్యాపారం, వేలం పాటలు పాడి పాడి పెరిగిన గొంతు. నాలుగో తరగతిలో హెడ్మాస్టరుగారి బెత్తం తిని బడి మానేసిన మొద్దు. ఎదురుపడిన ప్రతివాణ్ణీ అన్నా అంటాడు, ప్రతి ఆడమనిషినీ అక్కా అంటాడు, అందరికీ టీ ఇప్పిస్తాడు. "టీ నీళ్లు పోసి మనుషుల్ని పెంచుకుంటా ఉండాడు" అని జ్ఞానప్రకాశం గారు ఈసడించేవాడు. మనుషులు మాత్రం బాగానే పెరుగుతున్నారు.

దారి గూడూరు రీడింగ్ రూములో దొరికింది. ఒక సర్కారు పత్రికలో చదివాడు: ఒకటికి మించిన రాష్ట్రాల్లో సభ్యులున్న సహకార సంఘం కేంద్ర చట్టం కిందికి వస్తుందట. అది చదివి జ్ఞానప్రకాశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఢిల్లీ! ఢిల్లీలో చదువుకున్నవాళ్లు ఉంటారు. పైగా ఢిల్లీ నుంచి ఎవడు ఎద్దులబండి ఎక్కి తూర్పుపాళెం వస్తాడు? చాపల మీద కూర్చున్నవాళ్లను ఎవడు లెక్కపెడతాడు?

దూరంగా ఉన్న పెద్దల మీద ఆయనకు ఇంత నమ్మకం కుదరడానికి ఒక పాత కథ ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఇక్కడి మిషను దొర ఆయన జీతం తగ్గించబోతే, ఆయన దొరను దాటి సముద్రం అవతల ఉన్న మిషను బోర్డుకు ఉత్తరం రాశాడు. ఆరునెలలు తిరక్కుండా దొర వెళ్లిపోయాడు. దగ్గరున్న అధికారి కుక్క, దూరాన ఉన్న అధికారి సింహం అని అప్పుడే తేల్చుకున్నాడు. ఆ దొర మలేరియా తట్టుకోలేక తనే సెలవు పెట్టి ఓడెక్కాడని ఊరందరికీ తెలుసు, ఈయనకు తప్ప.

ఇక కావలసింది మద్రాసు రాష్ట్రంలో సభ్యులు. భార్య ఎలిశబెతు పెరట్లో నెత్తళ్ల చేపలు తోముతూ, అడగకపోయినా సలహా చెప్పింది.

"ఆరంబాకంలో ఉప్పళాల్లో ఉప్పు తీసే మనవాళ్లు ఎప్పటి నుంచో అడగతా ఉండారు గదా, మీ సంఘంలో చేరతామని. వాళ్లని చేర్చుకోండి."

"అరవోళ్లనా?" ఆయన ముక్కు పైకి పోయింది. "మీటింగులో లేచి వాళ్లు అరవంలో మాట్లాడతా ఉంటే నేను నోరు తెరుచుకోని వినాల్నా? ఉప్పు గోతాల మనుషుల్ని తెచ్చి నా చర్చిలో కూర్చోబెట్టుకుంటానా? మీ తమ్ముడి ఊరోళ్లని చేర్చుకుంటా. ఈదులపాళెం గూడా మద్రాసు కిందిదే. మనుషులు అడవి మనుషులే గాని తెలుగోళ్లు. చెప్పినట్టు వింటారు."

ఎలిశబెతు తన పుట్టింటివాళ్లను అడవి మనుషులనడం పెళ్లైనప్పటి నుంచీ వింటూనే ఉంది. చేపల నీళ్లు దబాలున పారబోసి లోపలికి పోయింది.

ఈదులపాళెం సత్యవేడు దగ్గర, గుట్టల కింద. ఆమె తమ్ముడు ఏసుమణి బావ వస్తున్నాడని కోడిని కోశాడు. బావ కోడి ముదిరిందన్నాడు, మంచం కుక్కి అన్నాడు, నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాడు, ఆ తర్వాత అందరి చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. నలభై మంది దాకా చేరారు. వాటాసొమ్ము కోసం కొందరు మేకపిల్లల్ని అమ్ముకున్నారు. "మమ్మల్ని ఒక సంఘంలో మనుషులుగా లెక్కేసినోడివి నువ్వే బావా" అని ఏసుమణి కళ్లు తుడుచుకున్నాడు. బావ పంచెకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

ఏడాది గడవకముందే ఢిల్లీ నుంచి ఉత్తరువు వచ్చింది. సంఘం ఇకపై కేంద్ర చట్టం కింద ఉంటుంది, కొత్త నిబంధనలు పంపేదాకా ఉన్న కమిటీ కొనసాగవచ్చు. ఆదివారం ప్రసంగం అయ్యాక జ్ఞానప్రకాశం గారు ఆ కాగితాన్ని ఇంగ్లీషులో మొత్తం చదివాడు. ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే ఆయనకు కావలసింది. తర్వాత ఒక్క ముక్క తెలుగులో చెప్పాడు: "మనం ఇక గూడూరు చేతిలో లేం."

ఆ నెలలో ఒకరోజు రోడ్డు మీద చెంచురామయ్య సైకిలు దిగి నమస్కారం పెట్టాడు. "ఇంక మీరు పెద్దోళ్లు సార్. మా చేతికి అందరు" అన్నాడు. అది ఎగతాళి అని జ్ఞానప్రకాశం గారికి తట్టలేదు. తిరిగి నమస్కారం పెట్టకుండా ముందుకు నడిచాడు. ఇల్లు చేరేదాకా ఆయన కాళ్లు నేలకు తగల్లేదు.

అప్పటి నుంచి శనివారాలు పొడుగయ్యాయి. అరుగు కింద మనుషులు మధ్యాహ్నం దాకా నిలబడేవారు. ఈదులపాళెం నుంచి ఏసుమణి కూడా వచ్చి నిలబడ్డాడు. వానలు లేక బావి ఎండిపోయింది, ఇంకో రెండు మట్ల లోతు తవ్వించాలి, అప్పు కావాలి. బావమరిదినని అతను అరుగెక్కలేదు, బావ ఎక్కమనలేదు.

"ఏసుమణీ, నీకు బుద్ధుండాదా? మిమ్మల్ని చేర్చుకునింది అప్పులిచ్చేదానికనుకున్నారా? పటంలో మీ ఊరు గీతకు అవతల ఉండాది, అందుకు. పేరుకు సభ్యులు, అంతే. బావులు తవ్వించే దానికి నా సంఘమే దొరికిందా?"

అరుగు కింద ఉన్నవాళ్లు నేల చూపులు చూశారు. "అట్నా బావా. నాకు తెలవలా" అన్నాడు ఏసుమణి. అక్క అన్నం వడ్డించింది గాని తినకుండా బస్సుకు పోయాడు. ఎలిశబెతు విస్తరి మడిచి గేదెకు వేసింది. ఆ రోజు మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అది గమనించను కూడా లేదు.

ఈలోపు రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు గొడవ ముదిరింది. తెలుగు ఊళ్లు ఆంధ్రకు, తమిళ ఊళ్లు మద్రాసుకు పోవాలని సభలు పెట్టారు. గూడూరులో పెట్టిన సభకు అధ్యక్షుడు కావాలంటే జ్ఞానప్రకాశం గారు ఒకసారి కూడా కాదనకుండా వెళ్లాడు. అధ్యక్షుడు అనే మాట వినబడితే చాలు ఆయనకు. "తెలుగువాడు ఉన్న ప్రతి ఊరూ తెలుగుగడ్డలో కలవాలి! సత్యవేడు మనది! చుట్టూ ఉన్న పల్లెలు మనవి!" అని బల్ల గుద్ది మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. నిమ్మకాయల బస్తాల మీద కూర్చుని కృపాదానం అందరికన్నా గట్టిగా కొట్టాడు.

ఇంటికొచ్చాక ఎలిశబెతు నెలల తరబడి బిగబట్టుకున్న మాట అడిగింది.

"సత్యవేడు పల్లెలు ఇటు వస్తే మా తమ్ముడి ఊరూ ఇటే వస్తాది గదా. అప్పుడు మీకు మద్రాసులో మనుషులు యాడుండారు?"

ఆయన పకపకా నవ్వాడు. అంత మనస్ఫూర్తిగా నవ్వి చాలాకాలమైంది.

"పిచ్చిదానా, మన ఊరికి రోడ్డేస్తామని ఎన్నాళ్లుగా చెప్తా ఉండారు? పడిందా? కంకర కుప్ప ఇంకా ఆడ్నే ఉండాది. ఆ కంకర కదిలించలేనోళ్లు రాష్ట్రం గీత కదిలిస్తారా? ఈ సర్కారోళ్లు అందరూ చెంచురామయ్యలే. సభలు సభలే, పనులు పనులే. నువ్వు పోయి చేపలు కడుక్కో."

సర్కారు మీద ఆయనకున్న చులకన ఊరికే పోలేదు. రోడ్డు నిజంగానే పడలేదు. గీత మాత్రం కదిలింది. అరవై ఏప్రిల్ ఒకటిన సత్యవేడు, దాని చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రలోకి వచ్చేశాయి. పేపర్లో వేసిన ఊళ్ల పేర్లలో ఈదులపాళెం ఉంది. జ్ఞానప్రకాశం గారు ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఎలిశబెతు వచ్చి తొంగి చూసింది.

"మీరు బల్ల గుద్ది అడిగినారు, వాళ్లిచ్చినారు. సంతోషపడండి" అంది.

సంతోషపడే తీరిక ఆయనకు లేదు. ఢిల్లీ వాళ్లు పటం చూసుకునే లోపల గీతకు అవతల కొత్త మనుషుల్ని సంపాదించాలి. బస్సెక్కి, ఏ ఆరంబాకాన్ని చూసి ముక్కు పైకెత్తాడో ఆ ఆరంబాకానికే పరుగెత్తాడు. ఉప్పళాల పక్కన అక్కడి సంఘ పెద్ద బల్ల వాల్చి కూర్చోబెట్టాడు, కాఫీ తెప్పించాడు. జ్ఞానప్రకాశం గారు సహోదర ప్రేమ గురించి, క్రీస్తులో అరవం తెలుగు లేదన్న సంగతి గురించి ధారాళంగా మాట్లాడాడు. అంత చక్కగా బడిలో కూడా ఎప్పుడూ చెప్పి ఉండడు. ఆ పెద్ద అంతా విని, శుభ్రమైన తెలుగులో జవాబిచ్చాడు.

"సంతోషం అయ్యా. కానీ మేం మీటింగులో లేచి అరవంలో మాట్లాడతాం గదా. మీకు చెవులు నొప్పి పుడతాయి."

ఆ మాట ఇంతదూరం ఎవరు మోశారో ఆయనకు అర్థం కాలేదు. తన పెరటి గోడ మోకాలెత్తుందనీ, తన గొంతు తాటిచెట్టెత్తుందనీ ఆయన ఎప్పుడూ అనుకోలేదు. కాఫీ సగం వదిలేసి లేచాడు.

ఢిల్లీ నుంచి రెండో ఉత్తరం వచ్చింది. సభ్యులందరూ ఇప్పుడు ఒకే రాష్ట్రంలో ఉన్నందున మీ సంఘం ఆ రాష్ట్ర రిజిస్ట్రారుకే చెందుతుంది. మూడు వరసలు. దాన్ని ఆయన ఆదివారం ఇంగ్లీషులో చదవలేదు, తెలుగులోనూ చదవలేదు. సైకిలు మీద వచ్చి చెంచురామయ్యే చదివాడు, ఎన్నిక తేదీ కూడా చెప్పిపోయాడు.

అయినా జ్ఞానప్రకాశం గారు బెదరలేదు. ఊళ్లో సభ్యులు తొంభై మంది, వాళ్లకు తన భయం ఉంది. ఈదులపాళెం నలభై మంది తన పెళ్లాం తరఫు బలగం, తను చేర్చినవాళ్లు. చేసిన మేలు మరిచేంత తెలివి కూడా వాళ్లకు లేదని ఆయన నమ్మకం.

ఎన్నిక నాడు చర్చిలో చాపలు తీసేశారు. చెంచురామయ్య మధ్యలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఉత్తరం గోడ దగ్గర జ్ఞానప్రకాశం గారు, దక్షిణం గోడ దగ్గర కృపాదానం. ఈదులపాళెం వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చి వాకిలి దగ్గర గుంపుగా నిలబడ్డారు. మాట్లాడమంటే జ్ఞానప్రకాశం గారు క్రమశిక్షణ గురించి, విద్య గురించి, విద్య లేనివాళ్ల చేతికి సంఘం పోతే పట్టే గతి గురించి మాట్లాడాడు. మాట్లాడుతూ కృపాదానం వైపు చూసిన చూపుకు పాలు విరిగిపోవాల్సిందే.

కృపాదానం గొంతు సవరించుకున్నాడు. "నాకు ఇంగ్లీషు రాదన్నా. శనివారం వచ్చినోళ్లకి బల్ల వేస్తా, కూర్చోండి. ఈదులపాళెమోళ్లయినా ఈ ఊరోళ్లయినా నాకు ఒకటే. అంతే అన్నా."

"ఇంక పోయి నిలబడండి" అన్నాడు చెంచురామయ్య.

ఎవరూ కదల్లేదు. తొంభై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దక్షిణం వైపు పోవాలనే ఉంది. పోయాక ఆయనే గెలిస్తే వచ్చే శనివారం ఎట్లా? జ్ఞానప్రకాశం గారు ఆ భయాన్ని చూసి గడ్డం పైకెత్తాడు. ఆయన ముప్పై ఏళ్లు పెంచిన భయం అది, ఆయనకు దాన్ని చూస్తే కడుపు నిండిపోతుంది.

అప్పుడు ఏసుమణి వాకిలి దగ్గర నుంచి కదిలాడు. నేరుగా బావ దగ్గరికి వచ్చాడు. బావ భుజం తట్టబోయాడు.

"వందనాలు బావా. మేం పేరుకు సభ్యులమన్నావు. నిలబడేది మాత్రం మనుషులుగానే నిలబడాల గదా" అని చెప్పి దక్షిణం వైపు నడిచాడు. అతని వెనక నలభై మందీ నడిచారు. వాళ్ల కాళ్ల చప్పుడు ఆగేలోపల ఊరివాళ్లకు లెక్క తెలిసిపోయింది. ముందు ఒకరిద్దరు, తర్వాత పదిమంది, ఆ తర్వాత తోసుకుంటూ అందరూ అటు పోయారు. నిన్నటిదాకా పండగలకు ఆయన ఇంటికి కోళ్లు మోసుకొచ్చినవాళ్లు ముందు తోసుకున్నారు. దక్షిణం గోడ దగ్గర ఊపిరాడక కొందరు కిటికీలు తెరిచారు.

ఉత్తరం వైపు గోడకు ఆనుకుని జ్ఞానప్రకాశం గారు ఒక్కడే మిగిలాడు. ఆ నిమిషంలో, తనూ సభ్యురాలైన ఎలిశబెతు ఆడవాళ్లలో నుంచి బయటికి వచ్చింది. కొంగు సర్దుకుంటూ ఆ ఖాళీ చర్చి మధ్యలో నడిచి వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆయన మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

"ఎలిశబెతూ, నీకన్నా బుద్ధుండాది. ఈ మూర్ఖులకు నా విలువ..."

"గమ్మునుండండి" అంది ఆమె, ఆయన వైపు చూడకుండానే. "మీ పక్కన ఒక్క ప్రాణి గూడా లేకపోతే నలుగురూ నవ్వతారని వచ్చినా. కట్టుకున్నదాన్ని గాబట్టి ఈడుండా. లేకుంటే మా తమ్ముడి పక్కకే పోయుందును."

ఆమె మెల్లగానే అంది గాని చర్చిలో అందరికీ వినబడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన తిరిగి తిట్టేవాడు, తిట్టి బతికిపోయేవాడు. వాళ్లందరూ జాలిగా చూస్తున్నారు. కృపాదానం కూడా, ఆ మొద్దు కూడా, చూపు తిప్పుకున్నాడు.

చెంచురామయ్య దక్షిణం వైపు లెక్క ముగించి ఇటు తిరిగాడు. వక్క ఉమ్మేసి వచ్చి, పై గుండీ పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మగారిది ఒకటి రాసుకున్నా సార్. మీ ఓటు గూడా మీకేనా?"

జ్ఞానప్రకాశం గారు తల ఊపాడు.